కప్పు అంటే ఎంతండీ?

ఎడిటర్ గారికి,

నమస్కారం. మీ ఆదివారం పుస్తకంలో వంటల పేజీని మా ఇంట్లో ముందుగా చదివేది నేనే. మా ఆవిడ చదవదు. పేపర్లో చూసి వండితే అది పేపర్లాగే ఉంటుందని ఆవిడ నమ్మకం. రెండు నెలల కిందట ఆ పేజీలో దూదిలాంటి పాన్‌కేకులు ఇంట్లోనే ఎలా చేసుకోవచ్చో వేశారు. బొమ్మ చాలా బాగుంది. ఒకదాని మీద ఒకటి నాలుగు దొంతి పెట్టి, పైన వెన్నముక్క, పక్కల నుంచి కారుతున్న పాకం. బొమ్మ కింద ఇలా ఉంది: ఒక కప్పు మైదా, ముప్పావు కప్పు పాలు, ఒక గుడ్డు, రెండు చెంచాల బేకింగ్ పౌడర్ లేదా వంటసోడా, రెండు చెంచాల పంచదార, కొద్దిగా వెన్న, ఉప్పు తగినంత. అన్నీ కలిపి బాగా గిలక్కొట్టి పెనం మీద పోసుకోవాలి. అంతే, అయిపోయింది.

ఆ నాలుగు లైన్లలో ఎక్కడెక్కడ దెబ్బ తగులుతుందో తెలుసుకోవడానికి నాకు మూడు ఆదివారాలు, కిలో మైదా, డజను గుడ్లు, మా మనవడి దగ్గర కొంత పరువు ఖర్చయ్యాయి. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది. కత్తిరించాలనుకుంటే కత్తిరించండి గానీ గ్రాముల లెక్క మాత్రం కత్తిరించకండి.

నేనెవరో చెప్పకపోతే ఈ చాదస్తం మీకు అర్థం కాదు. తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి 2016లో రిటైరయ్యాను. ఇన్‌స్పెక్టరును కాదు. ఇన్‌స్పెక్టరు గారి వెనకాల తూకపురాళ్ల పెట్టె మోసుకుంటూ తిరిగిన సహాయకుణ్ణి. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటాలు, సంతల్లో తక్కెడలు, నూనె కొట్లలో కొలత డబ్బాలు, అన్నీ చూశాను. పళ్లెం అడుగున అంటించిన చింతపండు ముద్ద చూశాను. బయటికి నున్నగా కనబడుతూ లోపల సొట్ట పెట్టిన పావులీటరు డబ్బా చూశాను. ఇనపరాయి అడుగున గుంటలో సీసం పోసి ఉంటుంది. దాని మీద మా శాఖ ముద్ర ఉంటేనే అది రాయి, లేకపోతే ఉత్త ఇనపముక్క. దేశంలో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది 1956లో. నేను పుట్టిందీ ఆ ఏడాదే. 1958 అక్టోబరు నుంచి కొన్ని చోట్ల కిలోరాళ్లు దిగాయి. శేర్లూ వీశెలూ పోయి గ్రాములు రావడానికి అంతమంది అంత కష్టపడితే, ఇన్నేళ్ల తర్వాత ఒక పేపరు ‘కప్పు’ అని రాస్తే నాలాంటివాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

మా ఇంట్లో ఆదివారం పొద్దున్న టిఫిను బాధ్యత నాది. రిటైరయ్యాక పెట్టుకున్న నియమం. మా ఆవిడకు ఆ ఒక్కపూట సెలవు. కోడలు ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది, ఆమెకు వారం పొడుగునా నిద్ర చాలదు. అబ్బాయిది విశాఖపట్నంలో షిఫ్టు ఉద్యోగం. మనవరాలు ఆరో తరగతి, మనవడు రెండు. వీడు ఏదో కార్టూన్లో ఎలుగుబంటి పాన్‌కేకులు తినడం చూసి, ‘తాతా, నువ్వు అట్లు వేస్తావు కదా, అవి లావుగా వెయ్యి, అవే పాన్‌కేకులు’ అన్నాడు. వాడి తర్కం నాకు నచ్చింది. అప్పుడే మీ పేజీ వచ్చింది.

మొదటి ఆదివారం. మైదా కొలవడానికి ఎదురుగా కనబడింది కోడలి కాఫీ మగ్గు. పాలు పోయడానికి టీ కప్పు తీసుకున్నాను, ఎందుకంటే మగ్గుకు పిండి అంటుకుని ఉంది. ముప్పై నాలుగేళ్లు కొలతల్లో బతికినవాణ్ణి ఆ పని చేశానంటే మీరు నమ్మరు. వంటగదిలో అడుగు పెడితే కొలత బుద్ధి గుమ్మం దగ్గరే వదిలేస్తామేమో. పిండి గోడకు కొట్టే సున్నంలా తయారైంది. ఇంకాసిని పాలు పోశాను. బేకింగ్ పౌడర్ లేదు. ‘లేదా వంటసోడా’ అని మీరే అన్నారు కదా, బజ్జీల కోసం తెచ్చిన సోడా డబ్బా ఉంది. రెండు చెంచాలు వేశాను.

పెనం మీద పోయగానే పొంగింది. బాగా పొంగింది. నేను గర్వంగా అందర్నీ లేపాను. రంగు మాత్రం బొమ్మలోలా బంగారు రంగు కాదు, కాఫీపొడి రంగు. మనవడు ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమలకుండా నా వైపు చూశాడు. ‘తాతా, సబ్బు వాసనొస్తంది’ అన్నాడు. మనవరాలు మర్యాదస్తురాలు, మంచినీళ్లు తాగి మింగేసింది. మా ఆవిడ సెలవు మానుకుని వంటింట్లోకొచ్చి, ‘ఏటండీ ఇది, టిఫినా, బట్టల సబ్బా?’ అంది.

తమాషా ఏమిటంటే వాడి నాలుక అబద్ధం చెప్పలేదు. కోడలు తర్వాత వివరంగా చెప్పింది. వంటసోడాకు పులుపు తగిలితేనే అది గ్యాసు వదిలి, ఉప్పులా మారి సద్దుమణుగుతుంది. పెరుగో మజ్జిగో నిమ్మరసమో ఉండాలి. పాలల్లో పులుపు లేదు. పులుపు లేకుండా సోడాను వేడి చేస్తే కొంత గ్యాసు వదులుతుంది గానీ, మిగిలేది సోడియం కార్బొనేటు. ‘అంటే చాకలిసోడా, మావయ్యగారూ’ అంది. పిల్లలకు పాఠం చెప్పే గొంతుతోనే చెప్పింది గానీ నవ్వు ఆపుకోలేకపోయింది. రంగు ముదరడానికీ అదే కారణమట, క్షారం ఎక్కువైతే పిండి తొందరగా ఎర్రబడుతుంది. బేకింగ్ పౌడర్ అంటే సోడాలో పొడి ఆమ్లాన్ని, తడి తగలకుండా కాస్త పిండినీ ముందే కలిపి పెట్టిన సరుకు. తడి తగిలితే కొంత, వేడి తగిలితే మిగతాది, దానంతట అదే పనిచేస్తుంది. అదే మోతాదులో తీసుకుంటే ఉత్త సోడా దానికంటే మూడు నాలుగు రెట్లు ఘాటు. పెరుగు వేసి కలిపిన పిండికైనా కప్పు మైదాకు పావు చెంచా సోడా చాలు. నేను రెండు చెంచాలు వేశాను. ఎనిమిది రెట్లు! బెల్లం మార్కెట్లో ఎవడైనా కాటాలో ఎనిమిది రెట్లు తేడా పెడితే వాడి కాటా అక్కడికక్కడే జప్తు చేసేవాళ్లం.

ఇంకో సంగతి కూడా కోడలే చెప్పింది, నాకు బాగా నచ్చింది కాబట్టి రాస్తున్నాను. 1843లో ఇంగ్లండ్‌లో, బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల కొట్టాయన ఈ పౌడరు ఒకటి తయారు చేశాడట. ఆయన భార్యకు ఈస్టు పడేది కాదు, ఆమె తినగలిగే రొట్టె కోసం. ఈ మాట మా ఆవిడ వినేలా గట్టిగా రెండుసార్లు చదివించుకున్నాను. ‘ఆయన పెళ్లానికి పడేది చేశాడు, మీరు పడనిది చేశారు’ అంది.

అయ్యా, కాబట్టి ఆ ‘లేదా’ అనే మాట దయచేసి ఎత్తేయండి. కందిపప్పు లేదా పెసరపప్పు అనొచ్చు. బేకింగ్ పౌడర్ లేదా వంటసోడా అనకూడదు.

రెండో ఆదివారానికి బేకింగ్ పౌడరే వాడాను. అలమర వెనకాల డబ్బా దొరికింది. మనవరాలి పుట్టినరోజు కేకుకు తెచ్చిందట. ఏ పుట్టినరోజని నేను అడగలేదు. పాన్‌కేకులు లేవలేదు. పెనం మీద ఎలా పోశానో అలాగే పడుకున్నాయి. మైదా అట్ల కింద తినేశాం, మామిడల్లం పచ్చడితో బాగానే ఉన్నాయి. తర్వాత డబ్బా తిప్పి చూస్తే వాడాల్సిన గడువు దాటి ఏడాదిన్నర. ముప్పై నాలుగేళ్లు ప్యాకెట్ల మీద నికర పరిమాణం, తయారీ తేదీ, గరిష్ఠ ధర చదివి కేసులు రాయించినవాణ్ణి, మా ఇంటి డబ్బా చదవలేదు. పౌడరు బతికుందో లేదో తెలుసుకోవడం చాలా సులువు. పొగలు కక్కే నీళ్లు అరగ్లాసు తీసుకుని అందులో ఒక చెంచా వేస్తే బుసబుసా పొంగాలి. ఊరికే కరిగి తెల్లనీళ్లయితే ఆ డబ్బాకు దండం పెట్టి పారేయాలి. మూత తీసిన డబ్బా మన తీరప్రాంతపు గాలిలో తొందరగా చచ్చిపోతుంది. పెద్ద డబ్బా చవక అని కొనకండి. ఇదొక్క ముక్క మీరు వేసి ఉంటే ఎంతమందికి మేలు జరిగేదో.

ఇక అసలు విషయం, కప్పు. ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక డైనింగ్ బల్ల మీద మా ఇంట్లో ఉన్న ‘కప్పులు’ అన్నీ పెట్టాను. కోడలు ఆ మధ్య బరువు తగ్గాలని కొన్న చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంది. ఒక గ్రాము వరకూ చూపిస్తుంది. మిల్లీలీటరు నీళ్లు గ్రాము బరువు కాబట్టి నీళ్లు నింపి తూస్తే సరిపోతుంది. టీ కప్పు 130. రైస్ కుక్కరుతో వచ్చిన ప్లాస్టిక్ కప్పు 180. స్టీలు గ్లాసు 210. కాఫీ మగ్గు 310. అబ్బాయి ఆన్‌లైన్లో తెప్పించిన కొలత కప్పుల సెట్లో పెద్దది 250. ఇవన్నీ తెలుగులో కప్పులే. టీ కప్పుకూ మగ్గుకూ రెండు రెట్లకు పైగా తేడా. పోనీ బయట దేశాల్లోనైనా ఒక మాట మీద ఉన్నారా అంటే అదీ లేదు. అమెరికావాళ్ల వంట కప్పు దాదాపు 237 మిల్లీలీటర్లు. వాళ్లే ఆహార ప్యాకెట్ల మీద 240 అని లెక్కేస్తారు. ఆస్ట్రేలియాలో 250. జపాన్‌లో 200. పెద్ద చెంచా మన దగ్గరా అమెరికాలోనూ 15 మిల్లీలీటర్లయితే ఆస్ట్రేలియాలో 20. మీ వంటల పేజీ రాసేవాళ్లు ఏ దేశపు పద్ధతి చూసి రాశారో నాకెలా తెలుస్తుంది?

అంతటితో అయిపోలేదు. నీళ్లు ఎలా పోసినా అంతే ఉంటాయి. మైదా అలా కాదు. ఆ 250 కప్పునే తీసుకుని, జల్లించిన మైదా చెంచాతో మెల్లగా నింపి, కత్తితో పైన గీసి తూస్తే 122 గ్రాములొచ్చింది. అదే కప్పుతో డబ్బాలోంచి ఒక్కసారి ముంచి తీస్తే 148. ముంచి, బల్ల మీద రెండుసార్లు కొట్టి, మళ్లీ నింపితే 167. ఒకటే కప్పు, ఒకటే మైదా, ఒకటే చెయ్యి! మా మనవరాలు పక్కన కూర్చుని ఇవన్నీ నోటుపుస్తకంలో రాసింది. సైన్సు ప్రాజెక్టుకు పనికొస్తుందట. సంతలో బియ్యం మానికతో కొలిచే రోజుల్లో ఇదే గొడవ. అమ్మేటప్పుడు మెల్లగా జారవిడిచేవాడు, కొనేటప్పుడు అదిమి కొలిచేవాడు. కుంచం కూడా ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉండేదని మా నాన్న చెప్పేవాడు. ఆ బాధ పడలేకే కదా కిలోలు తెచ్చుకున్నది.

ఇక్కడ మా ఆవిడకూ నాకూ పెద్ద వాదన జరిగింది. ఆవిడ మాటను మీకు చెప్పకపోతే అన్యాయం. ‘మా అమ్మ జీవితంలో కాటా ముట్టుకోలేదు. సోలతో మినప్పప్పు, అదే సోలతో రెండు సార్లు నూక. దిబ్బరొట్టె ఎన్నడైనా చెడిందా? మీ గ్రాములు లేకుండా మీరు ఈ వయసుదాకా తిని బతకలేదా?’ అంది. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ చేసే దిబ్బరొట్టె నాలుగు వేళ్ల మందం ఉంటుంది. పైన ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా. దానిలో సోడా లేదు, పౌడరు లేదు. మినప్పిండి పట్టుకున్న గాలి, కొంచెం పులుపు, మూకుడు మీద మూత, సన్నసెగ మీద అరగంట ఓపిక. అంతే. పాన్‌కేకు దీనికి కాలిగోటికి సరిపోదని ఆవిడ అంటుంది, నేను కాదనను.

రెండ్రోజులు ఆలోచించాను. మూడోనాడు పాలపాకెట్టు తెస్తుండగా దారిలో తట్టింది. మినప్పప్పు ఒకటికి నూక రెండు అంటే అది వంతుల లెక్క. సోలతో కొలిచినా, తవ్వతో కొలిచినా, కొబ్బరిచిప్పతో కొలిచినా ఒకటికి రెండే. కొలత పాత్ర ఏదైనా ఫరవాలేదు, రెండింటికీ ఒకటే అయితే చాలు. అందుకే అమ్మమ్మలకు కాటా అవసరం రాలేదు. పాన్‌కేకులో గుడ్డు ఉంది. గుడ్డు కప్పుతో కొలవం. అది ఒకటి. కప్పు పెద్దదైతే గుడ్డు పెద్దది కాదు కదా. బేకింగ్ పౌడర్ చెంచాతో వేస్తాం, ఆ చెంచా కప్పుతోపాటు పెరగదు, తరగదు. కాబట్టి 130 కప్పు తీసుకున్నవాడికి పౌడరు ఎక్కువై చేదొస్తుంది, గుడ్డు వాసనొస్తుంది. 310 మగ్గు తీసుకున్నవాడికి ఏదీ చాలదు, మందపు రొట్టె అవుతుంది. మళ్లీ ఆ గుడ్డయినా ఒక్కలా ఉందా? పౌల్ట్రీ గుడ్డు పెంకు తీస్తే నలభై ఎనిమిది, యాభై గ్రాములుంటే మా పక్కింటి నాటుకోడి గుడ్డు ముప్పై ఐదు దాటలేదు. మా ఆవిడకు ఈ మాట చెప్తే కాసేపు ఊరుకుని, ‘అయితే మా అమ్మ రైటే’ అంది. రైటే. మీ పేపరే రైటు కాదు.

మూడో ఆదివారం గ్రాములతోనే మొదలుపెట్టాను. కొత్త డబ్బా. అన్నీ తూచి పెట్టుకున్నాను. ‘బాగా గిలక్కొట్టి’ అని మీరు రాశారు కాబట్టి మజ్జిగ చిలికే కవ్వంతో పది నిమిషాలు గిలక్కొట్టాను. ఒక్క ఉండ లేకుండా పట్టులా జారింది పిండి. పాన్‌కేకులు వచ్చాయి, పొంగాయి కూడా, కానీ కొరికితే సాగాయి. చెప్పు అట్టలా. మా ఆవిడ ఒకటి చేత్తో లాగి చూసి, ‘బొబ్బట్ల తోపుపిండి చేశారా?’ అంది. మళ్లీ అసలు కారణం ఆవిడ నోటి నుంచే వచ్చింది. బొబ్బట్లకు మైదాను ఎంత మర్దిస్తే అంత సాగుతుంది, అక్కడ సాగడమే కావాలి. పాన్‌కేకులో సాగడమే శత్రువు. మైదాలోని జిగురు, నీరు తగిలి కలిపేకొద్దీ గట్టిపడుతుంది. ‘అందుకే కేకు కలిపేటప్పుడు కూడా ఎక్కువ తిప్పొద్దని మాకు చెప్తారు’ అని కోడలు వంత పాడింది. ఇద్దరికీ ముందే తెలిసినట్టుంది. నాకెవరూ చెప్పలేదు.

నాలుగో ఆదివారం కుదిరింది. అప్పటి నుంచి ప్రతి రెండో ఆదివారం చేస్తున్నాను, తప్పలేదు. మీరు వేసుకోవడానికి వీలుగా లెక్క రాస్తున్నాను. మా ఇంట్లో పిల్లలిద్దరికీ పెద్దలు ముగ్గురికీ అరచేయంతవి పది దాకా వస్తాయి. అబ్బాయి ఇంట్లో ఉంటే పదీ చాలవు.

మైదా 200 గ్రాములు, పంచదార 25 గ్రాములు, బేకింగ్ పౌడర్ 10 గ్రాములు, ఉప్పు 2 గ్రాములు. ఇవి ఒక గిన్నెలో కలిపి జల్లించాలి. వేరే గిన్నెలో చిక్కటి పాలు 240 మిల్లీలీటర్లు, గుడ్డు ఒకటి, కరిగించి చల్లార్చిన వెన్న 30 గ్రాములు. పాలు ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే వాడితే వెన్న గడ్డలు కడుతుంది, కాసేపు బయట పెట్టండి. తడిసరుకు పొడిసరుకులో పోసి గరిటెతో అడుగు నుంచి పైకి పదిహేనుసార్లు తిప్పితే చాలు. పొడిపిండి కనబడకుండా పోతే ఆపేయాలి. శనగగింజంత ఉండలు ఉంటాయి. ఉండనివ్వండి. ఉండలు చూస్తే చెయ్యి ఊరుకోదు, నాకూ అంతే. అందుకని గిన్నె మీద పళ్లెం మూత పెట్టి పది నిమిషాలు పెనం పనిలో పడతాను. ఆ పది నిమిషాల్లో ఉండలు వాటంతటవే నాని కరుగుతాయి, పిండి కాస్త చిక్కబడుతుంది. గరిటెతో ఎత్తి వదిలితే ధారలా కాకుండా మడతలుగా జారాలి. ఆ తర్వాత మళ్లీ కలపకూడదు.

కార్తీకమాసంలో మా ఆవిడ గుడ్డు ముట్టదు. అప్పుడు గుడ్డు తీసేసి, పాలకు బదులు పులిసిన చిక్కటి మజ్జిగ 270 మిల్లీలీటర్లు పోసి, బేకింగ్ పౌడర్ 6 గ్రాములకు తగ్గించి, వంటసోడా గ్రామున్నర వేస్తాను. ఇక్కడ సోడాకు పని ఉంది, ఎందుకంటే పులుపు ఉంది. గుడ్డువాటికంటే ఇవే నాకు మెత్తగా అనిపిస్తాయి, కాకపోతే తిప్పేటప్పుడు విరుగుతాయి, జాగ్రత్త. సగం గోధుమపిండి వేసేవాళ్లు ఇంకో నలభై మిల్లీలీటర్ల మజ్జిగ పోసుకోవాలి, తవుడు నీళ్లు తాగుతుంది.

పెనం విషయంలో అట్లు వేసే చెయ్యి మనల్ని మోసం చేస్తుంది. అట్టుకు పెనం భగభగలాడాలి, నీళ్లు చల్లితే చుయ్‌మనాలి, పిండి పోసి గరిటె అడుగుతో గుండ్రంగా తిప్పాలి. దీనికి అవేవీ పనికిరావు. మంట సన్నంగా ఉండాలి. నీటిచుక్క పడితే వెంటనే ఆవిరై పోకుండా కాసేపు అటూ ఇటూ గెంతాలి. పిండి ఒకేచోట పోసి వదిలేయాలి, ఎంత పరుచుకుంటే అంతే. నా చెయ్యి అలవాటుకొద్దీ తిప్పబోతుంది. మనవడు పక్కన నిలబడి ‘తాతా, తిప్పకు’ అని అరుస్తాడు. ఇప్పుడు వాడి డ్యూటీ అదే. రెండు నిమిషాలకు పైన బుడగలొస్తాయి. బుడగ పగిలి, చిల్లు పూడిపోకుండా అలాగే నిలిచి, అంచులు తడి ఆరినప్పుడు తిప్పాలి. ఒక్కసారే తిప్పాలి. తిప్పాక అట్లకాడతో నొక్కకూడదు. నొక్కితే మనం ఇంతసేపూ పట్టిన గాలి అంతా పోతుంది. తిప్పాక ఒక నిమిషం మూత పెట్టమని మా ఆవిడ చెప్పింది, దిబ్బరొట్టె పద్ధతి. ఏ అమెరికా వంటలోనూ నాకా మాట కనబడలేదు గానీ మూత పెట్టినవి అరవేలు ఎక్కువ లేచాయి. స్కేలు పెట్టి కొలిచాను. మనవరాలి పుస్తకంలో ఉంది.

పాకం గురించి మీరు ‘మేపుల్ సిరప్’ అని రాశారు. విశాఖలో ఒక పెద్ద కొట్లో చూశాను. చిన్న సీసా ధర చూసి మళ్లీ అలమరలో పెట్టేశాను. దాని తప్పేం లేదు. కెనడాలో ఆ చెట్ల నుంచి తీసిన నీరు దాదాపు నలభై లీటర్లు కాస్తేగానీ ఒక లీటరు పాకం రాదట, ఆ ధర ఉండాల్సిందే. పక్కనే ‘పాన్‌కేక్ సిరప్’ అని సగం ధరకు ఇంకో సీసా ఉంది. వెనక అక్షరాలు చదివితే అందులో మేపుల్ చుక్క లేదు. పంచదార పాకం, రంగు, వాసన. ముందువైపు ఆకు బొమ్మ మాత్రం ఉంది. అలవాటు చొప్పున నికర పరిమాణం కూడా చూశాను, సరిగ్గానే ఉంది.

అనకాపల్లిలో ఉంటూ నేను పాకం కొనడమేమిటి? చలికాలంలో బెల్లం వండేచోట దిమ్మ కట్టకముందే దించిన చెరకు పానకం సీసాల్లో పట్టి తెచ్చుకుంటాం. దిబ్బరొట్టెకు తోడు అదే. వేడి పాన్‌కేకు మీద వెన్నముక్క పెట్టి ఆ పానకం పోశాను. మా ఆవిడ మొదటిసారి రెండోది అడిగి వేయించుకుంది. పానకం దొరకని ఊళ్లవాళ్లు బెల్లం వంద గ్రాములకు యాభై మిల్లీలీటర్ల నీళ్లు పోసి కరిగించి, వడకట్టి, ఒక్క పొంగు రానిచ్చి దించితే చాలు. తీగపాకం రానివ్వొద్దు, చల్లారితే గట్టిపడి పళ్లకు అంటుకుంటుంది.

నేను మిమ్మల్ని కోరేది పెద్ద పని కాదు. వంటల పేజీ పైన ఒక మూల చిన్న గడి కట్టి, ‘ఈ పేజీలో కప్పు అంటే 240 మిల్లీలీటర్లు, పెద్ద చెంచా 15, చిన్న చెంచా 5’ అని ప్రతివారం వేయండి. పిండితో, సోడాతో, గుడ్డుతో పని ఉన్న వంటలకు పక్కన గ్రాములు కూడా ఇవ్వండి. చారుకూ కూరకూ అక్కర్లేదు. వాటికి ‘తగినంత’ అన్నా ఎవరి చెయ్యి వాళ్లకు తెలుసు. మా ఆవిడ ముందు ‘చారులో ఉప్పు ఎన్ని గ్రాములు’ అనే ధైర్యం నాకు లేదు.

ఈ ఉత్తరం పోస్టు చేద్దామనుకుంటుండగా మొన్నటి ఆదివారం పుస్తకం వచ్చింది. రవ్వ కేసరికి ‘ఒక గ్లాసు బొంబాయి రవ్వ, మూడు గ్లాసుల నీళ్లు, రెండు గ్లాసుల పంచదార’ అన్నారు. సంతోషం, అది వంతుల లెక్క, ఏ గ్లాసైనా ఫరవాలేదు. కింద ‘నెయ్యి వంద గ్రాములు’ అని ఉంది. ఏ గ్లాసుకండీ?

ఇట్లు,
తూనికలు కొలతల శాఖ రిటైర్డు ఉద్యోగి,
అనకాపల్లి